గోడ స్విచ్, మా అత్తగారు, ఇంకు ట్యాంకు ప్రింటరు

మా ఇంట్లో సీసాతో ఇంకు పోసుకునే ప్రింటరు ఉంది. ఇది నిమిషానికి ఎన్ని పేజీలు తీస్తుంది, సీసా ఇంకు ఎంత అనే సంగతులు కొట్టువాడే చెప్తాడు. పెద్దోడు ఐదో తరగతిలో ఉండగా కొన్నాం, ఇప్పుడు వాడు ఎనిమిదో తరగతి. ఇన్నాళ్లు వాడాక దీనిమీద నాకున్న కోపం ఒక్కటే. వాడితే అరగదు గానీ, వాడకపోతే పాడవుతుంది. నాలుగు రోజులు పట్టించుకోకపోతే అలుగుతుంది.

అసలు కొన్నదే రాత్రిపూట టెన్షన్ పడలేక. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. జిరాక్స్ షాపు సెంటర్లో ఉంది, ఎనిమిదిన్నరకల్లా షట్టరు దించేస్తారు. బడి వాట్సాప్ గ్రూపులో "రేపు ప్రాజెక్టు తీసుకురావలెను" అన్న మెసేజ్ సరిగ్గా ఆ తర్వాతే పడుతుంది. కాటన్ దొర బొమ్మ, లేదంటే ధవళేశ్వరం ఆనకట్ట. డెల్టాలో చదివే పిల్లలకు ఈ రెండూ తప్పవు. ఆయన 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్టను మా ఇంట్లో థర్మాకోల్ మీద ఏటా కడుతూనే ఉంటాం. ఫోన్‌లో బొమ్మ వెతికి, కూర్చున్నచోటు నుంచే ప్రింటు కొడుతుంటే మొదట్లో భలే మురిపెంగా ఉండేది. చుట్టాలందరికీ కొనమని చెప్పాను. ఇప్పుడెవరైనా అడిగితే మాత్రం, ముందు మీ ఇంట్లో గోడ స్విచ్‌లు ఎవరి చేతిలో ఉంటాయని అడుగుతున్నాను.

మొన్న వేసవి సెలవులకు ముందు చిన్నదాని హాలిడే హోంవర్కు పేజీలు తీస్తుంటే ఉరిమింది. మర్నాడు మా అమ్మగారింటికి నరసాపురం వెళ్లిపోయాం. జూన్ 12న బడి తెరిచేదాకా దాని మొహం చూసినవాళ్లు లేరు. తెరిచిన కొద్దిరోజులకే చిన్నదానికి గోదావరి డెల్టా పటం పడింది. మంచి పటమే దొరికింది, పచ్చటి కోనసీమ, చుట్టూ నీలం పాయలు. ప్రింటు కొట్టాను.

కొబ్బరితోటలన్నీ పసుపు పచ్చగా వచ్చాయి. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడూ గులాబీ రంగే. యానాం దగ్గర, ఓడలరేవు దగ్గర, అంతర్వేది దగ్గర గులాబీ నది వెళ్లి గులాబీ సముద్రంలో కలుస్తోంది. "అమ్మా, బంగాళాఖాతం రోజ్‌మిల్క్‌లా ఉందే!" అని చిన్నది ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే ఎదురుగా ట్యాంకులో నీలం ఇంకు నిండుగా కనిపిస్తోంది.

తర్వాత తెలిసింది. ఇంకు చిమ్మే ముక్కను హెడ్ అంటారు, దాని నీలం రంధ్రాల్లో ఇంకు ఎండిపోతే ఆకుపచ్చలో పసుపే మిగులుతుంది, ముదురు నీలంలో గులాబీయే మిగులుతుంది. హెడ్ క్లీనింగ్ నొక్కాను, మళ్లీ నొక్కాను. ట్యాంకులో మట్టం కళ్లముందే దిగుతోంది గానీ సముద్రం రంగు మారలేదు. ఆ రాత్రే యూట్యూబ్‌లో ఒక తెలుగు మెకానిక్ వీడియో దొరికింది. షాపులో ఫ్యాను చప్పుడు, వెనక హారన్లు, మధ్యలో ఎవరో వచ్చి ఛార్జర్ బేరమాడటం. కంపెనీ పుస్తకంలో నాకు అర్థంకాని ముక్క ఆయన రెండు నిమిషాల్లో చెప్పాడు. అదేపనిగా క్లీనింగ్ కొట్టొద్దు, ఆపేసి పన్నెండు గంటలు వదిలెయ్యండి, ఎండిన ఇంకు నానుతుంది అని. నానేసరికి బడి బస్సు వెళ్లిపోతుంది కదా! గులాబీ సముద్రం మీద నీలం క్రేయాన్ రుద్దితే ఊదారంగు తేలింది. సముద్రం ఇలా ఉందేమని టీచరు అడిగితే మా చిన్నది "సాయంత్రం పూట మేడమ్" అందట.

ఆ వీడియోలోనే అసలు ముక్క ఇంకోటి ఉంది. బటన్ నొక్కి ఆపితే హెడ్ మూలకెళ్లి కూర్చుంటుంది, కింద రబ్బరు మూత పడి ఇంకు ఎండదు. పని మధ్యలో గోడ స్విచ్ ఆపితే ఎక్కడిది అక్కడే, మూత లేకుండా ఆగిపోతుంది. మా ఇంట్లో ఉరుము వినపడితే చాలు, మా అత్తగారు గదిగదికీ వెళ్లి టీవీ, ఫ్రిజ్, ప్రింటరు అన్నీ గోడ దగ్గరే టకటకా ఆపేస్తారు. సెలవుల ముందు ఉరిమిన రోజూ అదే జరిగింది.

"అత్తయ్యా, ముందు దీని బటన్ నొక్కి, లైటు ఆరాక స్విచ్ ఆపండి" అన్నాను.

"నీ లైటు ఆరేదాకా పిడుగు ఆగుతుందేంటమ్మా?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఈ మధ్య మాత్రం మబ్బు పట్టగానే "ఉరుముతోందే, నీ బటనేదో నొక్కుకో" అని వంటింట్లోకి వినపడేలా కేకేస్తున్నారు.

మెకానిక్ చెప్పినట్టు ఆపి వదిలేస్తే, మర్నాడు సాయంత్రానికి చారలు చారలుగా నీలం వచ్చింది, ఆ మర్నాటికి శుభ్రంగా వచ్చింది. అప్పట్నుంచీ వారానికోసారి రంగుల పేజీ ఒకటి తీస్తున్నాం. ముసురు రోజుల్లో కాగితం మెత్తబడి రెండేసి లాగుతుంది, కట్టను కవర్లోంచి తీయకుండా బీరువాలో పెడితే సరిపోతోంది. అదంత పెద్ద బాధేం కాదు.

అనుకోని లాభం వీధివాళ్లు. ఆధార్ కాపీ, హాల్ టికెట్, పాస్‌బుక్ కాగితం, ఏది కావాలన్నా మా గుమ్మం ఎక్కుతారు. డబ్బులు వద్దంటే చక్కెరకేళి అత్తం అరుగు మీద పెట్టి పోతారు.

పేజీ ఖర్చు పైసల్లోనే పడుతుందన్నది నిజమే, నల్ల అక్షరాల వరకు. క్లీనింగుల్లో పోయే ఇంకు ఆ లెక్కలో లేదు. అదంతా అడుగున ఉన్న స్పాంజిలోకి చేరుతుంది, అది నిండిన రోజు ప్రింటరు మొరాయిస్తుందని అమలాపురంలో మెకానిక్ చెప్పాడు. మాకింకా ఆ రోజు రాలేదు.

మా తమ్ముడు లేజర్ ప్రింటరు కొన్నాడు. అందులో ఉండేది పొడి కాబట్టి నెలలు వదిలేసినా ఎండదు, కాకపోతే వాడిది నలుపు ఒక్కటే తీస్తుంది. బడికెళ్లే పిల్లలుండి, సెంటరు దూరమై, వారానికో రంగు పేజీ తీసే ఓపికుంటే ఇదే తీసుకోండి. సెలవులకు ఇల్లు తాళం వేసి వెళ్లేవాళ్లయితే నేను కొనమని చెప్పను. చిన్నది పదో తరగతి దాటాక మేం కూడా లేజర్‌కే మారతామేమో, ఈలోగా స్పాంజి నిండితే ఇంకా ముందే.