టాలీ ప్రైమ్ రీఆర్డర్ స్టేటస్: స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ అంగడికి ఎంతవరకు పనికొస్తుంది?

సరుకు ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ కిరాణా అంగళ్లలో ఇప్పటికీ చాలావరకు నోటి లెక్కే. గుమాస్తా గోడౌన్ చూసొచ్చి చెప్పిన మాట, ఓనరు అంచనా, ఏజెన్సీ సేల్స్‌మన్ పోరు, ఈ మూడూ కలిసి ఒక అంకె తేలుతుంది. బిల్లులు మాత్రం టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొడతారు. ఆ టాలీ ప్రైమ్‌లోనే, విడిగా డబ్బు కట్టే పని లేకుండా, రీఆర్డర్ స్టేటస్ అనే రిపోర్టు ఉంది. డిస్‌ప్లే మోర్ రిపోర్ట్స్‌లోకి వెళ్లి, స్టేట్‌మెంట్స్ ఆఫ్ ఇన్వెంటరీ తెరిస్తే కనిపిస్తుంది. దాన్ని మొదలుపెట్టిన అంగళ్లలో చాలామంది 'తప్పుడు లెక్క చూపిస్తోంది' అని కొద్ది రోజుల్లోనే వదిలేస్తారు. లెక్క సరిగ్గానే వేస్తుంది, మనం దానికి సగం సమాచారమే ఇస్తాం.

రిపోర్టు చేసే పని ఇది. చేతిలో ఉన్న స్టాకుకు, చెప్పి ఇంకా రాని సరుకును కలుపుతుంది. మనం ఇస్తామని ఒప్పుకున్న ఆర్డర్లను తీసేస్తుంది. మిగిలినదాన్ని మనం పెట్టిన లెవెల్‌తో, అంటే ఇంతకన్నా తగ్గకూడదనుకున్న నిల్వతో పోల్చి, తగ్గితే ఎంత చెప్పాలో చూపిస్తుంది. ఒక సబ్బు రోజుకు 8 పెట్టెలు పోతుందనుకుందాం. విజయవాడ డిపో నుంచి రావడానికి 4 రోజులు, పైన 2 రోజుల నిల్వ. లెవెల్ 48. గోడౌన్‌లో 20 ఉన్నాయి, 30 దారిలో ఉన్నాయి, కావలి లైనుకు 8 పంపాలి. చేతికొచ్చే లెక్క 42, తరుగు 6. కనీస ఆర్డరు 10 అని పెట్టి ఉంటే, 6కి బదులు 10 చెప్పమంటుంది.

ఇప్పుడు ఆ దారిలో ఉన్న 30 టాలీలో ఎక్కించలేదనుకోండి. అదే రిపోర్టు 12 మాత్రమే ఉన్నాయని, 36 చెప్పమని అంటుంది. అంటే 26 పెట్టెలు ఎక్కువ, మూడు రోజుల అమ్మకానికి పైనే. ఈ రిపోర్టులో అన్నిటికన్నా విలువైన గడి ఈ పెండింగ్ పర్చేజ్ ఆర్డర్లదే. మన అంగళ్లలో ఎప్పుడూ ఖాళీగా ఉండే గడి కూడా అదే. ఆర్డరు ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో చెబుతాం, ఇన్వాయిస్ వచ్చాకే కంప్యూటర్‌లో ఎక్కిస్తాం. మధ్య నాలుగు రోజులు ఆ సరుకు ఎక్కడా కనపడదు.

ఇది నెల్లూరు జబ్బేం కాదు. ఎంఐటీ ప్రొఫెసర్ జాన్ స్టెర్మన్ 1989లో 'బీర్ గేమ్' ఫలితాలు ప్రచురించాడు. చిల్లర అంగడి, హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ అని నలుగురు ఆడే ఆట. గిరాకీ వారానికి 4 పెట్టెల నుంచి 8కి ఒక్కసారి పెరిగి అక్కడే నిలిచిపోతుంది. అయినా ఆర్డర్లు ఫ్యాక్టరీ వైపు వెళ్లేకొద్దీ అంతకంతకు ఎగిసి, తర్వాత కుప్పకూలుతాయి. కారణం, ఆడేవాళ్లు చెప్పి ఇంకా రాని సరుకును లెక్కలో సరిగ్గా పెట్టుకోకపోవడం. మన ఫోన్ ఆర్డర్ల పద్ధతి కచ్చితంగా ఆ తప్పే చేయిస్తుంది.

మందు సులువే. ఫోన్ పెట్టేసిన వెంటనే కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కి పర్చేజ్ ఆర్డరు వేయాలి. పార్టీ, సరుకు, పరిమాణం, రావాల్సిన తేదీ చాలు. ఆ ఓచర్ కనపడకపోతే ఎఫ్10లో ఇనాక్టివ్ జాబితా నుంచి యాక్టివేట్ చేసుకోవాలి. అసలు చిక్కు సరుకు దిగినప్పుడు వస్తుంది. పర్చేజ్ ఎంట్రీలో ఆ ఆర్డరు నంబరు ఎంచుకోకపోతే, సరుకు స్టాకులోనూ ఉంటుంది, పెండింగ్‌లోనూ ఉంటుంది. అప్పుడు రిపోర్టు 'చాలినంత ఉంది' అంటుంది, గోడౌన్‌లో షెల్ఫు ఖాళీగా ఉంటుంది. 30 చెబితే 24 దిగాయి, మిగతా 6 ఏజెన్సీ ఇక పంపదు. ఆ 6ను ప్రీ-క్లోజ్ చేయకపోతే, అంటే ఇక రావని ఆర్డరును మూసేయకపోతే, నెలల తరబడి దెయ్యంలా వేలాడుతూనే ఉంటాయి. వారానికోసారి పెండింగ్ ఆర్డర్ల జాబితా చూసి పాతవి కొట్టేయడం ఒక మనిషికి అప్పజెప్పాలి. ఇది ఎవరి పనీ కాకపోతే రిపోర్టు తెరవకపోవడమే మేలు.

లెవెల్ పెట్టడానికి రెండు దారులు. సింపుల్‌లో ఒక అంకె మనమే ఇస్తాం. అడ్వాన్స్‌డ్‌లో ఫలానా రోజుల వాడకాన్ని టాలీయే లెక్కగట్టి, మన అంకెతో పోల్చి, హయ్యర్ అంటే పెద్దది, లోయర్ అంటే చిన్నది తీసుకుంటుంది. ఇక్కడ లోయర్ జోలికి పోవద్దు. సరుకు వారం రోజులు లేకపోతే వాడకం పడిపోయినట్టు కనిపిస్తుంది, లెవెల్ దిగుతుంది, ఇంకా తక్కువ చెబుతాం, మళ్లీ లేకుండా పోతుంది. ఉత్త చేతులతో తిప్పి పంపిన గిరాకీ ఏ బిల్లులోనూ ఉండదు కదా. హయ్యర్ పెట్టి కింద మన అంకె ఉంచితే ఆ జారుడు అక్కడ ఆగుతుంది. కౌంటరు దగ్గర 'అడిగారు, లేదు' అని రాసుకునే చిన్న నోటుబుక్కు ఉంటే ఇంకా మంచిది, ఆ పని ఈ రిపోర్టు చేయలేదు.

అన్ని సరుకులూ రావడానికి ఒకే గడువు పెట్టడం ఇంకో పొరపాటు. వంటనూనె ముత్తుకూరు మండలంలోని రిఫైనరీల నుంచి మరుసటి రోజుకే దిగొచ్చు, దానికి వారం నిల్వ దండగ. డిపో నుంచి వచ్చే సబ్బులకు, పేస్టులకు ఆ లెక్క చెల్లదు. నవంబరు, డిసెంబరుల్లో మాత్రం దూరపు సరుకులన్నిటికీ రెండు రోజులు కలుపుకోవాలి. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర హైవే తెగి, రైలు పట్టాలు మునిగాయి. ఉత్తరం నుంచి రావాల్సిన లారీలు ఆగిపోతే 4 రోజుల లెవెల్ ఏ మూలకూ రాదు.

పండగలు ఈ రిపోర్టుకు బొత్తిగా తెలియవు. అది వెనక్కి మాత్రమే చూస్తుంది. పోయినేడు ఇదే నెల అమ్మకం చూసి చెబుదామన్నా కుదరదు. బారాషహీద్ దర్గా రొట్టెల పండగ 2024లో జులై 17న, 2025లో జులై 6న మొదలైంది. అది మొహర్రంతో పాటే వస్తుంది కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. దసరా 2025లో అక్టోబరు 2న, 2026లో అధికమాసం వల్ల అక్టోబరు 20న. పండగకు ముందు గోధుమపిండి, చక్కెర, నీళ్ల బాటిళ్ల లెవెల్ చేత్తో పెంచాలి. అయిపోయాక, అడ్వాన్స్‌డ్‌లో వాడకం లెక్కకు నెల రోజులు పెట్టి ఉంటే, రిపోర్టు ఇంకా పండగలోనే ఉంటుంది. ఆ మూడు నాలుగు వారాలు అది అడిగినంత చెప్పకండి.

నెలాఖరు స్కీములు మనిషి తేల్చాల్సినవే. '10కి 1 ఫ్రీ' అంటే ధరలో సుమారు 9 శాతం తగ్గినట్టు. నెలకు 30 పెట్టెలు పోయే సరుకైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. నెలకు 5 పోయేదాన్ని 30కి 3 ఫ్రీ అని 33 దించుకుంటే ఆరున్నర నెలల సరుకు. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ వేసినా లాభంలో సుమారు సగం అక్కడే పోతుంది, మిగిలింది ఎక్స్‌పైరీకి, ఎలుకలకు.

వందల ఐటెమ్‌లున్న అంగడి ఒకేసారి అన్నిటికీ లెవెల్ పెట్టొద్దు. ఎక్కువ డబ్బు తిరిగే 50, 60తో మొదలుపెట్టండి. పెట్టెకు ఎన్ని పీసులో టాలీ యూనిట్‌లో ముందే సరిచూడాలి, లేకపోతే 36 పెట్టెలకు బదులు 36 పీసులు కనిపిస్తాయి. చిరిగిన ప్యాకెట్లు, తేదీ దాటినవి స్టాక్ జర్నల్ అనే ఎంట్రీలో తీసేయాలి. అవి పుస్తకాల్లో ఉన్నన్నాళ్లూ టాలీ దృష్టిలో అమ్ముడుపోయే సరుకే. నెలకోసారి ఈ 60 ఐటెమ్‌లను గోడౌన్‌లో లెక్కపెట్టించే ఓపిక లేని చిన్న అంగడికి గుమాస్తా కన్నే నయం.