ఫియోనా, సర్షా, నీవ్: ఆడపిల్లకు ఏ గేలిక్ పేరు మేలు?

ఈ మూడింటిలో ఫియోనాయే అన్నిటికన్నా పాతదని చాలామంది అనుకుంటారు. ‘తెల్లని’, ‘అందమైన’ అనే అర్థాలున్న గేలిక్ (ఐర్లండ్, స్కాట్లాండ్‌ల సంప్రదాయ భాషాకుటుంబం) పదం దానికి మూలమే అయినా, చివర లాటిన్ తీరులో ‘ఆ’కారం చేరిన ఈ రూపం మాత్రం ఆధునికుల కల్పన. స్కాట్లాండ్ రచయిత విలియం షార్ప్ 1894 నుంచి ఫియోనా మెక్లౌడ్ అనే మారుపేరుతో పుస్తకాలు వెలువరించి, 1905లో మరణించే వరకూ ఆ గుట్టును లోకానికి చెప్పలేదు; ఈ పేరు జనంలోకి వెళ్లడంలో ఆయన వాటా పెద్దది. అదే మూలం నుంచి వచ్చిన అసలైన ప్రాచీన నామం ఫిన్నూల, అంటే తెల్లని భుజాలు గలది.

సర్షా ఐరిష్ భాషలో ‘స్వేచ్ఛ’ అనే అర్థమున్న మామూలు మాట. ఆడపిల్లల పేరుగా స్థిరపడింది 20వ శతాబ్దంలోనే. మన స్వాతంత్ర్యోద్యమ రోజుల్లో ఆడపిల్లలకు ‘స్వరాజ్యం’ అని పేరు పెట్టిన మనసే, బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఐర్లండ్‌లోనూ పనిచేసింది. చిక్కల్లా ఉచ్చారణతోనే: నటి సర్షా రోనన్ తన పేరును అలాగే పలుకుతారు గాని, ‘సీర్షా’ అనేవారూ ఐర్లండ్‌లో ఉన్నారు.

నీవ్ అంటే కాంతి, తేజస్సు. ఐరిష్ గాథల్లో బంగారు జుట్టున్న నీవ్ తెల్లగుర్రంపై వచ్చి, వీరుడూ కవీ అయిన ఒషీన్‌ను నిత్యయౌవన లోకమైన ‘తీర్ నా నోగ్’కు తీసుకుపోతుంది, అక్కడ కొద్దికాలమే గడిచిందనుకుని తిరిగివచ్చిన ఒషీన్, ఇక్కడ మూడువందల ఏళ్లు దాటిపోవడంతో, గుర్రం మీంచి జారి నేలను తాకగానే పండు ముసలివాడైపోతాడు. ఈ పేరును ఎన్-ఐ-ఎ-ఎమ్-హెచ్ అని రాస్తారు. ‘ఎమ్’, ‘హెచ్’ జంటకు ఇక్కడ ‘వ’ ధ్వని వస్తుంది. తెలుగింట్లో మాత్రం పిలిచిన ప్రతిసారీ ‘నీవు’ అన్నట్టే వినిపిస్తుంది. అది ముచ్చటో ఇబ్బందో ఆ ఇంటివారే తేల్చుకోవాలి.

ఐర్లండ్‌లో పెరిగే పిల్లకైతే నా మొగ్గు నీవ్‌కే, ఎందుకంటే అక్కడి బడిలో ఆ అక్షరక్రమం ఎవరినీ తికమకపెట్టదు, ఆ కథ కూడా పిల్లలకు తెలిసినదే. సర్షా అర్థం గొప్పదే గాని, అందులో ఒక దేశ రాజకీయ చరిత్ర కూడా ఉంది. ఆ చరిత్రను తమదనుకునే కుటుంబానికే అది నిండుగా నప్పుతుంది. తరచూ దేశాలు మారే కుటుంబానికి ఫియోనా సుఖం. అలాంటివారు నీవ్‌నే పెట్టి, సులువు కోసం ఎన్-ఇ-వి-ఇ అని రాసుకోవడం కన్నా ఫియోనాను ఎంచుకోవడమే మంచిది, ఎందుకంటే ఆ మార్చిన రూపంలో కాంతి అనే అర్థాన్నిచ్చే ఐరిష్ మాట కంటికి కనిపించదు.