పోటూ పాటూ చూసుకుని బయల్దేరండి: కోరంగి, హోప్ ఐలాండ్

పుష్య అమావాస్యకి చొల్లంగిలో సముద్ర స్నానాల తీర్థం. ఆ జనం సద్దుమణిగాక వెళ్దామని రెండ్రోజులు ఆగి, అక్కా బావా, వాళ్ళబ్బాయి, నేనూ పాలకొల్లులో కారెక్కాం. చించినాడ వంతెన, రాజోలు, అమలాపురం, ఎదుర్లంక వంతెన దాటి యానాం. అక్కడ ఆగకుండా పదింటికల్లా కోరంగి మడ అడవికి చేరాం.

చేరాం గానీ చూసిందేం లేదు. చెక్క వంతెన కింద నిండా నీళ్ళు, పైన సెల్ఫీలు. చంటాడు "జంతువులేవీ?" అంటే బావ నాకేసి చూశాడు. టికెట్ల దగ్గర ఓ పెద్దాయన అన్నాడు, "పోటు మీదొచ్చారు బాబూ, నాలుగింటికి రండి, పాటులో కనపడతాయి."

పోటంటే సముద్రం పొంగి నీళ్ళు లోపలికి రావడం, పాటంటే అవి వెనక్కి తగ్గడం. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, పాటూ పెద్దదే. రోజుకి రెండేసిసార్లు వస్తాయి, రోజూ ముందురోజు కంటే ముప్పావుగంట పైనే ఆలస్యంగా వస్తాయి. గోదారి జిల్లాలో పుట్టి ఈ లెక్క వేసుకోకుండా వచ్చినందుకు నా మొహం చిన్నబోయింది.

మధ్యలో కాకినాడ వెళ్ళి సుబ్బయ్య హోటల్లో భోంచేశాం. దాని గురించి కొత్తగా చెప్పేదేముంది, ఆకలితో వెళ్ళండి.

నాలుగింటికి వస్తే అది వేరే అడవి. నీళ్ళు దిగిపోయి, బురదలోంచి మడచెట్ల శ్వాస వేర్లు మేకులు దిగ్గొట్టినట్టు వేలకి వేలు. ఒంటి డెక్క పెద్దగా ఉన్న చిన్న పీతలు ఆ డెక్కని ఊపుతూ ఒకదాన్నొకటి బెదిరించుకుంటున్నాయి. బురద మీద గెంతే చేపల్ని చూసి చంటాడు వంతెన మీద పడుకుండిపోయాడు. లకుముకి పిట్టలు సరేసరి. నీటికుక్కలు ఒక్కసారి, రెండో మూడో, కాలవ దాటుతూ తలలు చూపించి మాయమయ్యాయి. బావురుపిల్లి మాత్రం కనపడలేదు; అది రాత్రి తిరిగేది, పగటి టికెట్టుకి దొరికే జంతువు కాదు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవి 235 చదరపు కిలోమీటర్లు, మనం నడిచేది దాని అంచు మాత్రమే.

ఇదే కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. ఇక్కణ్ణించి ఓడలెక్కి వెళ్ళినందుకే బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారట. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన ఊరిని ముంచేసింది. ఇప్పుడు రోడ్డు మీంచి చూస్తే మామూలు పల్లెటూరు.

బస కాకినాడలోనే చేశాం. బుక్ చేసేటప్పుడు 'సముద్రం కనపడే గది' అన్నారు. కిటికీ తీస్తే పక్క మేడ నీళ్ళ ట్యాంకులు కనపడ్డాయి, నీళ్ళే కదా అనుకున్నాం. దిండిలో హౌస్‌బోట్ ఎక్కాం ఇంతకుముందు. హాయిగా ఉంటుంది, కానీ అది గోదారి, సముద్రం కాదు. ఈ తిరుగుడికి దూరం కూడా. కాకినాడే నయం, గది చూసి మరీ డబ్బు కట్టండి.

మర్నాడు ఎనిమిదింటికి అటవీ శాఖ అనుమతితో హోప్ ఐలాండ్‌కి పడవ. పేరుకి ఐలాండ్, నిజానికి గోదారి మోసుకొచ్చిన మట్టీ ఇసకా పోగై, దక్షిణాన్నుంచి ఉత్తరానికి పదహారు కిలోమీటర్ల దాకా సాగిన ఇసక తిప్ప. ఇది అడ్డుండబట్టే కాకినాడ రేవులో నీళ్ళు అంత నెమ్మది. ఇవతల చెరువులా ఉన్న అఖాతం, తిప్ప దాటితే అవతల హోరు.

కొట్లు లేవు, బస లేదు, నీడ లేనట్టే. నీళ్ళ సీసాలూ టోపీలూ మర్చిపోతే అంతే సంగతులు. ఉప్పాడ చూసినవాళ్ళకి తెలుసు, అక్కడ సముద్రం రోడ్డుని కొరుక్కు తింటూ ఉంటుంది, జనమూ ఎక్కువే. ఇక్కడ మేము తప్ప మనిషి లేడు.

ఇసక మీద ట్రాక్టరు చక్రం పోయినట్టు జాడ. "తాబేలండి, రాత్రొచ్చి గుడ్లెట్టి పోయింది," అన్నాడు పడవాయన. ఈ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఒక్కో గూట్లో వందకి పైగా పెడతాయి, పిల్లలవడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. ఆ గుడ్లని అటవీ శాఖ వాళ్ళు ఏరి కంచెలోపల పాతిపెడతారు. ఇంకాస్త ముందుకి నడిస్తే ఒక తాబేలు చచ్చిపడి ఉంది. గాలి కోసం పైకి రావాల్సిన జీవి, వలలో ఇరుక్కుంటే ఊపిరాడక పోతుంది. పడవాయన దాన్ని చూసి ఏమీ అనలేదు, చంటాణ్ణి చెయ్యిపట్టి పక్కకి తీసుకుపోయాడు.

పన్నెండు దాటగానే ఆయన తొందర మొదలెట్టాడు. "పాటు లాగేత్తంది బాబూ, ఇంకో అరగంటయితే పడవ బురదలో కూకుంటాది!" అక్క గవ్వలు ఇంకా ఏరుతూనే ఉంది. చివరికి కూకోనే కూకుంది. నేనూ బావా మోకాలిలోతు బురదలో దిగి నెట్టాం. నా కుడికాలి చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది.