గంట కొడితేనే తెల్లారే చోట్లు: కాలిఫోర్నియా మిషన్ల యాత్ర

కాలిఫోర్నియాలో ఫ్రాన్సిస్కన్ అనే కేథలిక్ సంఘం పాదిరీలు 1769–1823 మధ్య 21 మిషన్లు పెట్టారు. మిషన్ అంటే అక్కడి ఆదివాసుల్ని క్రైస్తవంలోకి మార్చి, చర్చి చుట్టూనే ఉంచి పనిచేయించిన స్థావరం. రెండు చూసేసరికి మిగతావీ అంతేగా అనిపిస్తుంది: తెల్లగోడలు, పెంకుల కప్పు, గిఫ్ట్ షాపు. అందుకే మేం గంటలకీ పాటలకీ పేరున్నవే ఎంచుకున్నాం.

శాన్ హువాన్ కాపిస్ట్రానోలో జనం ఎక్కువే, అయినా టికెట్ డబ్బులు దండగ కావు. 1812 డిసెంబరు 8న పూజ జరుగుతుండగా భూకంపానికి కూలిన రాతి చర్చి మొండిగోడలు ఇంకా ఉన్నాయి. గోపురంలోని నాలుగు గంటల కోసం మరుసటి ఏడాది విడిగా గోడ కట్టారు. వాటిలో పెద్దవి రెండూ పగిలి గొంతు పోతే, 2000లో కొత్తవి పోత పోయించారు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇదే బెటర్.

శాన్ హువాన్ బటిస్టా చిన్న ఊరు, తాపీగా తిరగొచ్చు. అక్కడి పాదిరీ ఫాదర్ తాపిస్ పాటలు నేర్పిన పద్ధతి నన్ను కట్టిపడేసింది. ఒక్కో గొంతుకి ఒక్కో రంగులో స్వరాలు రాసేవాడట. ఎవరి రంగు వెంట వాళ్ళు పాడుకుంటూ పోవడమే! ఎంత తెలివి అనుకుంటూ బయటికొస్తే, చర్చి గోడ పక్కనే శ్మశానం. నాలుగు వేల మందికి పైగా ఆదివాసుల్ని పాతిపెట్టారక్కడ.

కార్మెల్ అందానికి వంక పెట్టలేం. బస మాత్రం ఖరీదు, పక్క ఊరు మాంటెరేలో దిగడం నయం. 1786లో ఇక్కడికొచ్చిన ఫ్రెంచి నావికుడు లా పెరూజ్‌కి ఈ మిషన్ బానిసలతో పనిచేయించే తోటలా కనిపించింది. లేవడం, ప్రార్థన, తిండి, పని అన్నీ గంట ప్రకారమే. కొరడా చప్పుడు గురించీ రాశాడు. మిషన్ల దారికి గుర్తుగా హైవే 101 పక్కన కొక్కెం స్తంభాలకి వేలాడే గంటల్ని అమా ముత్సున్ అనే ఆదివాసీ తెగవాళ్ళు ఎందుకు తీసెయ్యమంటున్నారో ఇది తెలిస్తే అర్థమవుతుంది. శాంతాక్రూజ్ యూనివర్సిటీ 2019లో తన ఆవరణలోది తీసేసింది కూడా.

నా ఓటు శాన్ ఆంటోనియోకే. 1771లో ఈ మిషన్లకి ఆద్యుడైన ఫాదర్ సెర్రా ఓక్ చెట్టుకి గంట కట్టి, వినేవాళ్ళు కనిపించకపోయినా కొట్టాడని చెప్పే చోటు ఇదే. చుట్టూ ఇళ్ళు లేవు, ట్రాఫిక్ లేదు. గంట మోగితే ఎంత దూరం పోయేదో ఇక్కడే ఊహకి అందుతుంది. రాత్రికి మాత్రం హైవే దాకా తిరిగొచ్చి, పక్కనే ఓ మోటెల్లో దిగాం. లారీల రొదకి నిద్రే లేదు, రూము వెనకవైపు అడగండి. మిషన్ ఉన్నది సైనిక స్థావరం లోపల కాబట్టి ఐడీ కార్డులు దగ్గరుంచుకోండి. పెట్రోలు, తిండి కింగ్ సిటీలోనే చూసుకుని బయల్దేరండి.