వడియాలు పెట్టేవాళ్ల కోసం తేమ మీటర్ రివ్యూ: చెన్నై, బెంగళూరు, నంద్యాల

నేను చెన్నైలో విల్లివాక్కంలో ఉంటాను. ఇంట్లోనే వడియాలు, అప్పడాలు, ఊర మిరపకాయలు చేసి అమ్ముతాను. ఈ రివ్యూ ఇక్కడి ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్‌లో కొన్న ఒక చిన్న మీటర్ గురించి. అరచేతిలో పట్టే తెల్ల ప్లాస్టిక్ డబ్బా. పైన ఉష్ణోగ్రత, కింద గాలిలో తేమ శాతం, ఒక మూలన టైం. సన్న పెన్సిల్ సెల్ ఒకటి వేస్తే చాలు. దీని మీద చెప్పుకోదగ్గ కంపెనీ పేరేమీ లేదు, ఇదే డబ్బా ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో దొరుకుతుంది. ఒక్కోటి 350 రూపాయల చొప్పున మూడు తీసుకున్నాను. ఒకటి నాకు, ఒకటి బెంగళూరు మారతహళ్లిలో ఉన్న మా అక్కకు, ఒకటి నంద్యాలలో అమ్మకు.

మూడెందుకంటే, మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఎండాకాలం వచ్చిందంటే ఇదే పంచాయితీ. ఇక్కడ 35 అని నేను, ఇక్కడ కూడా 33 ఉందే అని అక్క, "ఈడ 40 ఉండాది, మీరిద్దరూ దేనికి అంతగా అంగలారుస్తాండారు" అని అమ్మ. అందరం డిగ్రీలే చెప్పుకుంటాం. వడియాల లెక్క మాత్రం వేరుగా ఉంటుంది. అదే మినప్పిండి, అదే మందం. నంద్యాలలో పొద్దున పెడితే సాయంత్రానికి గలగలమంటాయి. మార్చిలో బెంగళూరులో మర్నాడు మధ్యాహ్నానికి ఎండిపోతాయి. చెన్నైలో మూడో రోజు కూడా నడుమ పచ్చిగానే ఉంటాయి. డిగ్రీలు చూస్తే చెన్నై ఈ రెండు ఊళ్ల మధ్యలో ఉండాలి. ఎందుకు చివరికి పోతోందో తెలుసుకోవాలనే ఈ మీటర్లు కొన్నాను.

ముందు ఒక ముఖ్యమైన మాట. ఈ మీటర్ చూపించే తేమ శాతాన్ని ఒక ఊరికీ ఇంకో ఊరికీ నేరుగా పోల్చకూడదు. జులైలో తుంపర పడుతున్న ఒక పూట అక్క మీటర్ 21 డిగ్రీలు, 90 శాతం చూపించింది. నాది 35 డిగ్రీలు, 60 శాతం. "చూశావా, మాకే తేమ ఎక్కువ" అంది అక్క. చెమటకు జాకెట్టు ఒంటికి అతుక్కుపోయింది మాత్రం నాకు. గాలిని ఒక బిందె అనుకోండి. గాలి వేడెక్కేకొద్దీ బిందె పెద్దదవుతుంది. మీటర్ చెప్పేది ఆ బిందె ఎంత శాతం నిండిందన్నదే, అందులో ఎన్ని నీళ్లున్నాయో కాదు. లెక్క వేస్తే, ఆ రోజు అక్క వాళ్ల ఘనపు మీటరు గాలిలో నీటి ఆవిరి 16, 17 గ్రాములు. చెన్నై గాలిలో 24 గ్రాములు. శాతం తక్కువైనా మా దగ్గరే తేమ ఎక్కువ.

వడియాలకు కావలసింది బిందెలో ఉన్న నీళ్లు కాదు, మిగిలిన ఖాళీ. అది కూడా చూద్దాం. 35 డిగ్రీల గాలి మొత్తం 40 గ్రాముల దాకా పట్టగలదు. 24 ఉన్నాయి కాబట్టి చెన్నైలో ఖాళీ 16 గ్రాములు. ఏప్రిల్ మధ్యాహ్నం బెంగళూరులో 33 డిగ్రీలు, 30 శాతం అంటే ఖాళీ 25. నంద్యాలలో 40 డిగ్రీలు, 20 శాతం అంటే ఖాళీ 41. అదే తుంపర రోజు మారతహళ్లిలో ఖాళీ 2 గ్రాములే! వానాకాలంలో అక్క పెట్టిన గుమ్మడి వడియాలు చల్లటి ఊళ్లో కూడా ఎందుకు ముక్క వాసన కొట్టాయో ఈ ఒక్క అంకె చెబుతుంది. ఇంకో విషయం నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. ఏప్రిల్‌లో బెంగళూరు గాలిలోనూ, నంద్యాల గాలిలోనూ ఉన్న ఆవిరి దాదాపు ఒకటే, పది పదకొండు గ్రాములు. తేడా అంతా వేడిదే. చెన్నైలో దానికి రెట్టింపు దాటి ఉంటుంది.

ఇంత లెక్క వేయడం ఇష్టం లేనివాళ్లు డ్యూ పాయింట్ చూడండి. గాలిని ఎన్ని డిగ్రీలకు చల్లబరిస్తే అందులోని ఆవిరి నీటి చుక్కలవుతుందో అదే డ్యూ పాయింట్. పైన చెప్పిన ఉదాహరణల్లో చెన్నైకి అది 26, తుంపర రోజు బెంగళూరుకు 19, ఎండాకాలంలో బెంగళూరుకూ నంద్యాలకూ 13. ఊరికీ ఊరికీ ఉక్కపోతను పోల్చాలంటే ఇదే సరైన అంకె. నేను కొన్న మీటర్ దీన్ని చూపించదు. తేమ 50 శాతం దాటి ఉంటే ఒక సులువు ఉంది: వందలోంచి తేమ శాతాన్ని తీసేసి, వచ్చినదాన్ని అయిదుతో భాగించి, ఉష్ణోగ్రతలోంచి తీసేయండి. ఒక డిగ్రీ అటూ ఇటూగా సరిపోతుంది. నంద్యాల లాంటి పొడి గాలికి ఈ లెక్క పనికిరాదు, అక్కడ ఫోన్‌లో కాలిక్యులేటర్ పెట్టుకోవాలి.

ఈ మీటర్ నాకు చేసిన అసలు మేలు సముద్రపు గాలి విషయంలో. చెన్నైలో ఉన్నవాళ్లకు తెలుసు, మేలో మధ్యాహ్నం వరకు పడమటి గాలి వీస్తుంది, ఆ తర్వాత ఎప్పుడో తూర్పు నుంచి గాలి తిరుగుతుంది. "అమ్మయ్య" అనుకుంటాం. మేడ మీద నీడలో మీటర్ పెట్టి చూస్తే ఆ మలుపు స్పష్టంగా కనిపిస్తుంది. మొన్న మేలో ఒక రోజు పన్నెండున్నరకు 36 డిగ్రీలు, 40 శాతం ఉంది. గాలి తిరిగాక ఒంటిగంటన్నరకు 33 డిగ్రీలు, 68 శాతం. తగ్గింది మూడు డిగ్రీలే. గాలిలో ఖాళీ మాత్రం 25 గ్రాముల నుంచి 11కు పడిపోయింది. మనిషికి హాయి, వడియానికి నష్టం. అప్పటిదాకా ఎండిన అప్పడాలు ఆ గాలికి మళ్లీ మెత్తబడతాయి. అందుకే ఇప్పుడు నేను తెల్లవారగానే పిండి రుబ్బి ఏడు గంటలకల్లా పెట్టేస్తాను, మీటర్‌లో తేమ పైకి ఎగబాకడం మొదలుకాగానే చాపలు లోపలికి చుట్టేస్తాను. సాయంత్రం ఎండ ఇంకా ఉంది కదా అని ఆశపడను. మూడు రోజుల పని రెండు రోజులకు వచ్చింది.

ఈ గాలి ఊరంతా ఒకేసారి తిరగదు. తిరువాన్మియూరులో సముద్రం పక్కనే ఉండే మా కస్టమర్ ఒకావిడ "ఇక్కడ గాలి వచ్చేసిందండీ" అని మెసేజ్ పెట్టిన చాలాసేపటికి గానీ విల్లివాక్కంలో ఆకు కదలదు. పడమటి గాలి మరీ బలంగా ఉన్న రోజు అది సాయంత్రం దాకా రాదు, అప్పుడే చెన్నై 40 దాటేది. నుంగంబాక్కంలో 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైంది, నగరానికి అదే రికార్డు. అలాంటి వడగాడ్పు రోజున పిల్లల్నీ పెద్దవాళ్లనూ బయటికి పంపకండి, నేనూ పదింటి తర్వాత మేడ ఎక్కను. వడియాలు మాత్రం నంద్యాలలో ఎండినట్టే ఎండుతాయి.

మీటర్ కొన్నాక మొదటి పని ఉప్పు పరీక్ష. దీన్ని మాత్రం వదలకండి. చిన్న గిన్నెలో మామూలు ఉప్పు వేసి, కరిగిపోకుండా తడి ఇసుకలా ఉండేంత నీళ్లు చల్లండి. ఆ గిన్నెనూ మీటర్‌నూ గట్టి మూత ఉన్న, బయటికి కనిపించే ప్లాస్టిక్ డబ్బాలో పక్కపక్కన పెట్టి రాత్రంతా వదిలేయండి. తడి ఉప్పు మీద మూసి ఉన్న గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. గదిలో 20 డిగ్రీలున్నా 40 ఉన్నా ఆ అంకె పెద్దగా మారదు, అందుకే ఏ ఊళ్లో చేసినా ఒకటే పరీక్ష. నా మీటర్ 71 చూపించింది, అక్కది 78, అమ్మది 74. ఒకే కొట్టు, ఒకే బాక్సు, అయినా ఇంత తేడా. డబ్బా మీదే అయిదు శాతం అటూ ఇటూ అని రాసి ఉంది కాబట్టి తప్పు పట్టలేను. ఎవరి మీటర్‌కు ఎంత కలపాలో, ఎంత తీసేయాలో చిన్న కాగితం మీద రాసి వెనక అంటించాం. ఆ తర్వాతే మూడు ఊళ్ల అంకెలను పక్కపక్కన పెట్టడం మొదలుపెట్టాం.

లోపాలు ఉన్నాయి. వంటింట్లోంచి మేడ మీదికి తీసుకెళ్తే అంకె కుదురుకోవడానికి పావుగంట పైనే పడుతుంది. నేరుగా ఎండ తగిలితే ఉష్ణోగ్రత ఇష్టం వచ్చినట్టు పెరుగుతుంది, అప్పుడు తేమ అంకెనూ నమ్మలేం. రాత్రి చూడటానికి లోపల లైటు లేదు. సెల్ మార్చినప్పుడల్లా టైం మళ్లీ పెట్టుకోవాలి, అమ్మకు ఆ బటన్లు అర్థం కాక పక్కింటి పిల్లాడిని పిలవాల్సి వస్తోంది. ఇంకో మోడల్ కూడా చూశాను, దానికి పొడుగు తీగ, చివర చిన్న మొన ఉంటాయి. ఆ మొన బయటి ఉష్ణోగ్రతనే కొలుస్తుంది, తేమను కొలవదు. తేమ కోసమైతే దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి.

మీటర్ ఉంది కదా అని వాతావరణ శాఖ వాళ్ల అంకెలు మానేయలేదు. 1792లో కట్టిన మద్రాసు అబ్జర్వేటరీ ఆవరణలోనే, నుంగంబాక్కంలో, వాళ్ల ప్రాంతీయ కేంద్రం ఉంది. చెన్నైకి నుంగంబాక్కం, మీనంబాక్కం అని రెండు లెక్కలు చెబుతారు. ఉదయం ఎనిమిదిన్నరకు, సాయంత్రం అయిదున్నరకు తీసిన తేమ శాతాలు ఇస్తారు. వాళ్ల థర్మామీటర్ గాలి ఆడే తెల్ల చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తులో, నీడలో ఉంటుంది. మేమూ అంతే ఎత్తులో, గాలి తగిలే నీడలో మీటర్లు పెట్టాం. గోడకు ఆనించి పెడితే గోడ వేడి కూడా అందులో కలిసిపోతుంది. వాళ్ల మౌసం యాప్ 2020 జులైలో వచ్చింది. దాని తయారీలో మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ల చెయ్యి కూడా ఉందని తెలిసి సంతోషమేసింది. రేపటి వాన సూచన, రాడార్ బొమ్మలు అందులో చూస్తాను. నా మేడ మీద ఈ గంటలో గాలి ఎంత పొడిగా ఉందో నా మీటర్‌లో చూస్తాను. రెండూ వేర్వేరు అవసరాలు.

ఊరికో కొలత అన్నది వాతావరణ శాఖ పద్ధతిలోనే ఉంది. మైదాన ప్రాంతంలో 40, సముద్ర తీరంలో 37, కొండ ప్రాంతంలో 30 డిగ్రీలు దాటితే గానీ వడగాడ్పు లెక్కలోకి తీసుకోరు. ఆ పైన ఆ ఊరి మామూలు కంటే ఎంత పెరిగిందో చూస్తారు. అమ్మకు ఇది చదివి వినిపించాను. చెన్నై 37ను నంద్యాల 37లా చూడకూడదని మా అమ్మ ఒప్పుకోవడం అంత తేలిక కాదు. ఆమె ఇంట్లో ఎయిర్ కూలర్ నీళ్లు పోస్తే చల్లగా కొడుతుంది. అదే కూలర్ మా ఇంట్లో పెట్టినప్పుడు గదంతా చెమ్మ తప్ప చల్లదనం రాలేదు. గాలిలో ఖాళీ ఉంటేనే కదా నీళ్లు ఆరి చల్లబడేది.

ఈ అంకెలు చూశాక మా ముగ్గురి పని తీరే మారిపోయింది. చెన్నైకి ఏడాదికి పడే వాన సుమారు 140 సెంటీమీటర్లు, అందులో అరవై శాతం దాకా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే, ఈశాన్య రుతుపవనాల్లో పడుతుంది. నంద్యాలకు వాన ముఖ్యంగా జూన్ నుంచి సెప్టెంబరు మధ్య. ఒక ఊళ్లో వానాకాలం ముగిసే వేళకు ఇంకో ఊళ్లో మొదలవుతుంది. అందుకే నవంబరు, డిసెంబరు ఆర్డర్లు ఇప్పుడు అమ్మ చేతి మీదుగా పోతున్నాయి. జనవరి నుంచి మార్చి దాకా అక్క మేడ మీద గుమ్మడి వడియాలు. ఏప్రిల్‌లో బెంగళూరుకు మామిడి జల్లులు మొదలయ్యాక సాయంత్రాలను నమ్మలేం కాబట్టి ఆమె ఆపేస్తుంది. ఏప్రిల్, మే, ఆ తర్వాత జూన్‌లో ఎండ కాసే పొద్దుళ్లు నావి. కర్తరి రోజుల్లో, ఇక్కడివాళ్లు కత్తిరి అనే మే 4 నుంచి 28 దాకా, రోజూ పెడతాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండ అమ్మ వయసుకు మంచిది కాదు. అప్పుడు ఆమెను మేడ ఎక్కొద్దని గట్టిగా చెప్పాం.

ఇంకెవరికి పనికొస్తుందంటే, అప్పడాలు, చిప్స్, మసాలా పొడులు ప్యాక్ చేసేవాళ్లకు తప్పకుండా. మా ఇంట్లో తేమ 65 దాటిన రోజు ప్యాకింగ్ పెట్టుకోను, కవర్ మూసేలోపే పొడి గడ్డకడుతోంది. పట్టుచీరలు, పాత పుస్తకాలు ఉన్న బీరువాలో పెట్టుకోవడానికీ బాగుంటుంది. అదే మీరు కొనేది హాల్లో ఎంత వేడి ఉందో చూసుకోవడానికి మాత్రమే అయితే ఈ 350 పెట్టక్కర్లేదు, ఉత్త థర్మామీటర్ చాలు. కొనేటప్పుడు కొట్టులోనే రెండు మూడు డబ్బాలు తెరిపించి, సెల్స్ వేయించి, పక్కపక్కన పెట్టి కాసేపు ఆగండి. మిగతావాటికి బాగా దూరంగా ఉన్నది వదిలేసి, దగ్గరగా ఉన్నవాటిలో ఒకటి తీసుకోండి. బిల్లు అడిగి తీసుకోండి, రిచీ స్ట్రీట్‌లో చాలా కొట్లలో అడిగితేనే ఇస్తారు.