‘-తగత్తె ఇరు’నా, ‘-తై తొ ఇత్తె ఇరు’నా?

తెలుగులో ‘నాకు వెళ్లాలని ఉంది’, ‘ఆయనకు వెళ్లాలని ఉంది’ రెండూ ఒకే తీరు. ఆ అలవాటుతోనే జపనీస్‌లో ‘తనకా-సాన్ వ ఇకితై దెసు’ (తనకా గారికి వెళ్లాలని ఉంది) అనేస్తాం. అది కుదరదు. ‘-తై’ అంటే ‘-ఆలని ఉంది’. ప్రశ్న కాని మామూలు మాటల్లో ‘-తై’తో వాక్యం ముగిస్తే ఆ కోరిక మాట్లాడేవాళ్లదే. ఇతరులదైతే మనం చూసింది చెప్పాలి, లేదా విన్నది చెప్పాలి.

చూసింది చెప్పడానికి ‘-తగరు’. ‘నొమితై’ (తాగాలని ఉంది)లో చివరి ‘ఇ’ తీసేసి ‘గరు’ చేర్చితే ‘నొమితగరు’. ఇప్పుడు కనిపిస్తున్న కోరికకు ‘నొమితగత్తె ఇరు’ అనాలి. ఉత్త ‘నొమితగరు’ అంటే ఎప్పుడూ ఉండే స్వభావం. ఎక్కువమంది తడబడేది విభక్తి దగ్గర: ‘మిజు గ నొమితై’ (నీళ్లు తాగాలని ఉంది) అని ‘గ’ విభక్తితో సరే, కానీ ‘-తగరు’ వచ్చాక ‘మిజు ఓ నొమితగత్తె ఇరు’ అని ‘ఓ’తోనే అనాలి. ‘హొషీ’ (కావాలి) నుంచి వచ్చే ‘హొషిగరు’కూ అంతే. మాటలు రాని పసిపిల్లలకు, పెంపుడు కుక్కకు ఈ రూపం చక్కగా సరిపోతుంది.

గౌరవించాల్సిన పెద్దవాళ్లకు మాత్రం వద్దు. ‘సెన్సేయ్ వ ఇకితగత్తె ఇమాసు’ (‘ఇమాసు’ అంటే ‘ఇరు’కు మర్యాద రూపం) అంటే గురువుగారు తహతహలాడిపోతున్నారన్నట్టు ఉంటుంది, మర్యాద పోతుంది. అక్కడ ‘ఇకితై తొ ఒష్షత్తె ఇమాసు’ (వెళ్లాలని ఉందని గురువుగారు అంటున్నారు) అని గౌరవంగా అనాలి. తోటివాళ్ల విషయంలో ‘ఇకితై తొ ఇత్తె ఇమాసు’ చాలు. ఇందులో ‘-తై’ మారదు, ‘గ’ కూడా అలాగే ఉండొచ్చు. కాకపోతే అవతలివాళ్లు నిజంగా ఆ మాట అని ఉండాలి. ఆఫీసులో నా ఓటు ఈ ‘-తై తొ ఇత్తె ఇరు’కే.