పీఎస్‌టీ ఫైళ్ల బెడద తీర్చే ఆర్కైవ్: ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ ప్లాన్ 2పై సమీక్ష

మెయిల్‌బాక్స్ నిండగానే పాత మెయిళ్లను పీఎస్‌టీ ఫైలులోకి దించి ఎవరి కంప్యూటర్‌లో వారు దాచుకోవడం మన ఆఫీసుల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న పద్ధతి. హార్డ్ డిస్క్ పాడైనా, ఉద్యోగి మానేశాక ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసినా ఆ మెయిళ్లు ఇక దొరకవు. మెయిల్ సర్వర్ బాధ్యత చూసేవారికి ఇంతకన్నా పెద్ద తలనొప్పి మరొకటి లేదు. మైక్రోసాఫ్ట్ మెయిల్ సేవ ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్‌లో పాత మెయిళ్లను సర్వర్‌లోనే వేరుగా దాచే ఆర్కైవ్ మెయిల్‌బాక్స్ ఈ బెడదను నిజంగా తీరుస్తుంది, కానీ ఆన్ చేసి వదిలేస్తే మాత్రం కాదు.

ప్లాన్ 2లో ప్రధాన మెయిల్‌బాక్స్‌కు 100 జీబీ, ఆర్కైవ్‌కు మొదట మరో 100 జీబీ వస్తాయి. ఆటో ఎక్స్‌పాండింగ్ ఆన్ చేస్తే ఆర్కైవ్ 1.5 టీబీ వరకు పెరుగుతుంది. అయితే ఒకసారి ఆన్ చేశాక దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు కనుక, నిజంగా అవసరమున్న ఖాతాలకే ఇవ్వడం మంచిది.

ఆర్కైవ్ ఇచ్చిన ఖాతాలో, డిఫాల్ట్ పాలసీ ప్రకారం రెండేళ్లు దాటిన మెయిళ్లు వాటంతటవే అందులోకి వెళ్తాయి. ఈ పని చేసేది మేనేజ్డ్ ఫోల్డర్ అసిస్టెంట్. అది ఏడు రోజుల్లో కనీసం ఒకసారి ప్రతి మెయిల్‌బాక్స్‌ను చూసుకుంటుంది కాబట్టి, సోమవారం ఆన్ చేసి మంగళవారం ఖాళీ చూడాలనుకోవడం తొందరపాటే. అవుట్‌లుక్‌లో ఫోల్డర్ల జాబితా కిందనే ఆర్కైవ్ వేరుగా కనిపిస్తుంది. ఇన్‌బాక్స్ కింద ‘టెండర్లు’ అనే ఫోల్డర్ ఉంటే అక్కడా అదే పేరుతో ఏర్పడి, మెయిళ్లు అందులోనే చేరతాయి. ఈ అమరిక నాకు ఎంతో నచ్చింది. కానీ ముందుగా చెప్పకపోతే, పాత ఫోల్డర్ ఖాళీగా కనబడగానే ‘నా మెయిళ్లన్నీ పోయాయండీ’ అని ఐటీ విభాగానికి ఫోన్లు తప్పవు. అకౌంట్స్ వారికి గత సంవత్సరాల ఉత్తరప్రత్యుత్తరాలతో తరచూ పని పడుతుంది కాబట్టి, వారికి రెండేళ్లకు బదులు మూడేళ్ల గడువుతో వేరే పాలసీ పెట్టడం మేలు.

అవుట్‌లుక్‌లోని ‘ఆర్కైవ్’ బటన్ విషయంలో జాగ్రత్త అవసరం. అది మెయిల్‌ను ప్రధాన మెయిల్‌బాక్స్‌లోనే ఉన్న అదే పేరు గల ఫోల్డర్‌లోకి జరుపుతుంది తప్ప ఒక్క ఎంబీ కూడా ఖాళీ చేయదు. రెండు వేర్వేరు పనులకు ఒకే పేరు పెట్టడం ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చని అంశం. పైగా, ఆర్కైవ్‌లోని మెయిళ్లు కంప్యూటర్‌లో కాపీగా ఉండవు కనుక ఇంటర్నెట్ లేని చోట వాటిని తెరవలేము.

ఆర్కైవ్‌లో చేరినంత మాత్రాన మెయిల్ భద్రమని అనుకోకూడదు. ఖాతాదారు అక్కడి నుంచి కూడా దాన్ని తొలగించగలరు. అలా తొలగించిన మెయిల్‌ను తిరిగి తెచ్చుకునే గడువు మామూలుగా 14 రోజులు, అడ్మిన్ పెంచితే 30 రోజులు. జీఎస్టీ చట్టం లెక్కల రికార్డులను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు, కంపెనీల చట్టం ఖాతా పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాల పాటు ఉంచమంటున్నాయి. వాటికి ఆధారమైన ఇన్‌వాయిస్‌లు, ఒప్పందాలు మెయిళ్లలోనే ఉండే సంస్థ తప్పనిసరిగా లిటిగేషన్ హోల్డ్ (ఖాతాదారు తొలగించినా మెయిల్ సర్వర్‌లో నిలిచేలా చేసే ఏర్పాటు) గానీ రిటెన్షన్ పాలసీ (మెయిళ్లను నిర్ణీత కాలం పాటు ఉంచే నియమం) గానీ పెట్టుకోవాలి. హోల్డ్ సదుపాయం ప్లాన్ 2లోనే కలిసి వస్తుంది; ప్లాన్ 1 వారు ఆర్కైవింగ్ లైసెన్స్ విడిగా కొనుక్కోవాలి.

బడ్జెట్ వేసేటప్పుడు షేర్డ్ మెయిల్‌బాక్స్‌లను, అంటే పలువురు కలిసి వాడే ఖాతాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. అవి 50 జీబీ వరకు లైసెన్స్ లేకుండానే నడుస్తాయి, కానీ వాటికి ఆర్కైవ్ కావాలంటే లైసెన్స్ కొనాల్సిందే. కొనుగోళ్లు, కస్టమర్ ఫిర్యాదుల వంటి ఉమ్మడి ఖాతాలే అన్నిటికన్నా ముందు నిండిపోతాయి కనుక, నా సలహా అడిగితే మొదటి లైసెన్స్‌లు వాటికే కేటాయించమంటాను.